జాతరకొచ్చి ఉండిపోయినవాడు

ఈ వారం నా చిరాకుకు కారణం నిమిషం కూడా లేని ఒక వీడియో. "బెజవాడలో ఎవరికీ తెలియని ఏడు ప్లేసులు" అట. పంపింది మా మేనల్లుడి కొడుకు. హైదరాబాదులో ఉద్యోగం, శనివారాలు ఊళ్ళు తిరిగి రీల్సు తీయడం వాడి సరదా. ఆ ఏడింటిలో మొదటిది ఉండవల్లి గుహలు. ఆదివారం సాయంత్రం అక్కడ బండి పెట్టుకునే చోటు దొరికితే అదే దైవకృప. రెండోది గాంధీకొండ. 1968లో రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ వచ్చి ఆవిష్కరించిన స్తూపం, రైల్వేస్టేషన్ నుంచి తలెత్తితే కనిపిస్తుంది. మూడోది మొగల్రాజపురం గుహలు. ఎవరికీ అంటే ఆ వీధుల్లో కాపురాలుంటున్న వాళ్ళక్కూడానా?

చుట్టాలకు ఊరు చూపించడం మీద నాకున్న చాదస్తాలు ఈ కాలమ్ చదివేవాళ్ళకి కొత్త కాదు. ముందు టిఫిను. తర్వాత అమ్మవారి దర్శనం, ఎందుకంటే అది కాకుండా చుట్టం మనసు ఇంకెక్కడా నిలవదు. పదకొండు దాటాక నాలుగు కొట్టేదాకా మనిషిని గడప దాటించకూడదు. బెజవాడ ఎండకి శిల్పమూ ఒకటే, సిమెంటు స్తంభమూ ఒకటే, ఏదీ కంటికి ఆనదు. రోజుకి రెండు చోట్లు, అంతకుమించి వద్దు. ఈ నియమాలు పాటించే ఇల్లు మా బంధువర్గంలో మాది ఒక్కటే. అందుకే మా ఇంటికి చుట్టాలు తక్కువ అని మా ఆవిడ అంటుంది.

ఈ విద్య మా పెదనాన్న దగ్గర నేర్చింది. ఆయన ఎవరొచ్చినా సాయంత్రం కాలవ లాకుల దగ్గరకి తీసుకెళ్ళేవాడు. కాలవల మీద సరుకు పడవలు ఇంకా తిరుగుతున్న రోజులవి. గడ్డిమోపులతో ఒక పడవ వచ్చి లాకులోకి దూరేది. వెనక తలుపులు మూసేవాళ్ళు. ముందు తలుపులకున్న చిన్న తూము ఎత్తగానే బుసలు కొడుతూ నీళ్ళు లోపలికి దూకేవి. పడవ గోడ పక్కనే అంగుళం అంగుళం పైకొచ్చేది. ముందు సరంగు తలపాగా, తర్వాత మొహం, తర్వాత చేతిలో చుట్ట. నీటి మట్టాలు రెండూ సమానమయ్యాక తలుపులు వాటంతటవే మెత్తబడేవి, ఇద్దరు మనుషులు దూలం మీద నడుం ఆనించి తోస్తే తెరుచుకునేవి. ఇక్కడి నుంచి ఏలూరు కాలవ పట్టుకుంటే గోదావరి కాలవల్లో కలిసి కాకినాడ దాకా పోవచ్చని, అటు పడమటి కాలవ పట్టుకుంటే కొమ్మమూరు కాలవ మీదుగా బకింగ్‌హాం కాలవ చేరి మద్రాసు పోవచ్చని పెదనాన్న వేలితో దిక్కులు చూపించేవాడు. 1855లో పాత ఆనకట్ట పూర్తికావడం, 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ రావడం ఆయన నోట సొంత ఇంటి పెళ్ళిళ్ళలా వినిపించేవి. అయితే ఒక మాట. ఆయన ఒకసారికి ఒక్క చుట్టాన్నే తీసుకెళ్ళేవాడు. పదిమంది వస్తే బీసెంటు రోడ్డు చూపించి పంపేసేవాడు. మంచి చోటు నలుగురికీ చెబితే పాడైపోతుందని ఆయన సిద్ధాంతం. నాకూ అదే అంటుకుంది.

కాబట్టి వాడికి ఫోన్ చేసి గట్టిగానే అడిగాను.

"ఏంట్రా అబ్బాయ్, మా ఊరి పరువు ఇలా తీశావ్?"

"తిట్టేది తర్వాత తిడుదువుగాని. నువ్వైతే ఏం చూపిస్తావో చెప్పు తాతయ్యా."

"నీకు చెబితే లక్షమందికి చెప్పినట్టేరా. చెప్పను."

చెప్పదలుచుకుంటే బోలెడు. బందరు రోడ్డు మీద బాపు మ్యూజియం ఉంది. విక్టోరియా రాణి జూబిలీ పేరుతో కట్టిన పాత భవనం. 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశాలప్పుడు పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా అందించిన కథ దానితోనే ముడిపడి ఉంది. చాలా ఏళ్ళు మూతపడి 2020లో మళ్ళీ తెరిచారు. అందులో అల్లూరు బుద్ధుడు నిలబడి ఉంటాడు. ఎదురుగా ఓ పది నిమిషాలు నిలబడి చూడండి, బయట బందరు రోడ్డు ఉన్న సంగతి మర్చిపోతారు. లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల కొట్లున్నాయి, అక్కడ బేరమాడటం రానివాడు బెజవాడవాడు కాడు. ఇంకా దూరం పోతానంటే ఘంటసాల బౌద్ధ స్తూపం ఉంది, బందరులో డచ్చివాళ్ళ సమాధులున్నాయి, కృష్ణమ్మ సముద్రంలో కలిసే హంసలదీవి ఉంది. ఇవన్నీ గుప్పిట్లో పెట్టుకుని, గుప్పిట ఎందుకు విప్పకూడదో వాడికి శాస్త్రప్రమాణంతో చెబుదామని యుద్ధమల్లుణ్ణి తలుచుకున్నాను. అక్కడే తిరగబడింది వ్యవహారం.

యుద్ధమల్లుడి గురించి ఈ పేజీలో ఇదివరకు రాశాను, మళ్ళీ రాస్తాను. ఓపిక పట్టండి. ఇంద్రకీలాద్రి దగ్గర మల్లేశ్వరస్వామి గుడి ఉంది కదా. అక్కడి రాతిస్తంభం మీద దొరికింది ఒక శాసనం. వేయించింది తూర్పు చాళుక్యరాజు యుద్ధమల్లుడు, కాలం సుమారు 930. అంటే నన్నయకి నూరేళ్ళు ముందు. బెజవాడలో కుమారస్వామికి గుడి, మఠం కట్టించిన సంగతి అందులో ఉంది. శాసనాల్లో గుళ్ళ సంగతులు మామూలే. మామూలు కానిది, ఇదంతా తెలుగు పద్యాల్లో ఉండటం. అదీ మధ్యాక్కర అనే ఛందస్సులో. ఎపిగ్రాఫియా ఇండికాలో దీన్ని పరిష్కరించి ప్రకటించింది జయంతి రామయ్య పంతులు. మనకు దొరికిన అతి పాత తెలుగు పద్యాల్లో ఇవి ఉన్నాయి. తర్వాత నన్నయ ఆ ఛందస్సును వాడాడు. ఆ పైన అది చాలాకాలం మూలపడింది. వెయ్యేళ్ళ తర్వాత ఇదే ఊళ్ళో కాపురమున్న విశ్వనాథ సత్యనారాయణ దాన్ని మళ్ళీ పట్టుకుని రాసిన 'విశ్వనాథ మధ్యాక్కరలు'కు 1962లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఒక ఛందస్సు ఒకే ఊళ్ళో కొండ దగ్గర రాతి మీద కనిపించి, మళ్ళీ మారుతీనగర్‌లో కాగితం మీద కనిపించడం ఎక్కడైనా ఉందా? దీనికి ఊళ్ళో ఒక సెంటరుకైనా పేరు పెట్టారా? సరే, ఆ గొడవ ఇంకో వారం.

నాకు పనికొచ్చే పద్యం రెండోది. అందులో రాజుగారు ఒక కట్టుబాటు పెట్టాడు. ఈ మఠంలో గొరగలు, అంటే శైవ సన్యాసులు, తప్ప ఇంకెవ్వరూ గుంపులు కట్టి మకాం పెట్టకూడదు, పెడితే కాశీని పాడుచేసినంత పాపం. ఆ తర్వాతి పద్యంలో ఉండనిచ్చిన పెద్దలక్కూడా పాపంలో వాటా వేశాడు. చూశారా? దొరికిన తొలి తెలుగు పద్యాల్లోనే బెజవాడకొచ్చే జనం బెడద ఉంది. ఊరికే కట్టుబాటు పెట్టరు కదా. జాతరకని వచ్చినవాళ్ళు మఠంలో మూటలు దించి, పొయ్యిలు పెట్టి, వారాల తరబడి కదలకుండా ఉండబట్టే రాజుగారికి ఒళ్ళు మండి ఉంటుందని నా ఊహ. దసరాల్లో మూలానక్షత్రం నాడు కొండ కింద లాడ్జీలో గది కోసం తిరిగినవాళ్ళెవరికైనా ఆ మంట అర్థమవుతుంది. ఇది చాలు అనుకున్నాను. మంచి చోట్లను గుంపుల నుంచి కాపాడుకోవాలని వెయ్యేళ్ళ కిందటే రాజాజ్ఞ ఉందిరా అని వాడి నోరు మూయించవచ్చు.

ఫోన్లో శ్లోకం చెప్పినట్టు చెప్పాలంటే అన్ని పద్యాలూ దగ్గరుండాలి కదా అని పుస్తకం తీశాను. తీయకపోయినా బాగుండేది. అవన్నీ ఇదివరకు చదివినవే. కానీ మనకు కావలసిన దాని కోసం వెతుకుతున్నప్పుడు పక్కనున్నది కంటికి ఆనదు. నాలుగో పద్యంలో ఏముందంటే, చేబ్రోలు నుంచి జాతరకని వచ్చిన కుమారస్వామి ఇంకో చోటికి పోకుండా, ఇష్టపడి ఇక్కడే నిలిచిపోయాడు. చేబ్రోలు అంటే గుంటూరు జిల్లా చేబ్రోలే. చుట్టూ నీళ్ళు, నడిమధ్య చతుర్ముఖ బ్రహ్మకు గుడి ఉన్న ఊరు. ఆ గుడి కట్టించింది మంగళగిరి పెద్ద గాలిగోపురం ఎత్తించిన వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడే. అక్కడి నుంచి ఊరేగింపుగా వచ్చిన దేవుడికి మన ఊరు నచ్చింది, వెనక్కి పోలేదు. అందుకే గుడి. గుడి ఉంది కనక మఠం. మఠం ఉంది కనక కట్టుబాటు.

అంటే మొత్తం వ్యవహారానికి మూలం ఒక యాత్రికుడు. పైగా పొరుగూరి యాత్రికుడు. వచ్చి ఉండిపోయినవాడికి గుడి కట్టించిన రాజే ఇంకెవ్వరూ వచ్చి ఉండొద్దన్నాడు. ఆ రెండు మాటల్లో కాలానికి నిలిచింది మొదటిదే. గొరగలు లేరు, మఠం లేదు, పాపభయం అంతకన్నా లేదు. బెజవాడకి జనం రావడం మాత్రం ఆగలేదు.

ఆ మర్నాడు సాయంత్రం మొగల్రాజపురం వెళ్ళాను, వాదన ఓడిపోయినవాడు ఒంటరిగా తిరిగినట్టే. అయిదో శతాబ్దం, లేదా దానికి అటూ ఇటూ కాలం గుహలవి. ఒకదాని ముఖం మీద, చూరుగా చెక్కిన రాతిలో చిన్న చిన్న గూళ్ళుంటాయి. గూటికొక తల, కిటికీలోంచి వీధిలోకి తొంగిచూస్తున్నట్టు. పైన నాట్యం చేస్తున్న శివుడు, కాళ్ళూ చేతులూ చాలా భాగం అరిగిపోయి ఉంటాడు. అయినా ఒంట్లో ఊపు మాత్రం పోలేదు. సాయంత్రపు ఎండ పక్క నుంచి పడితే తప్ప అది కనిపించదు, నాలుగు దాకా ఆగమని నేను పోరేది అందుకే. కిందికి చూస్తే ప్లాస్టిక్ కవర్లు, చిప్స్ పొట్లాలు. పురావస్తు శాఖ నీలం బోర్డు ఉంది గానీ, ఏ అవయవం ఏ దేవుడిదో చెప్పే మనిషి లేడు. నేనున్నంతసేపూ ఇంకెవరూ రాలేదు. పెదనాన్న సిద్ధాంతం ప్రకారం ఇది అదృష్టం. నాకు మాత్రం అదృష్టంలా కనిపించలేదు. పదిమంది వచ్చే చోటైతే ఊడ్చేవాడు ఒకడుండేవాడు, చెప్పేవాడు ఒకడుండేవాడు, టీ కొట్టు ఒకటుండేది.

కొండపల్లి చూడండి. ఆ బొమ్మల కాలనీలో ఏ గడపలోకి తొంగిచూసినా పని సాగుతూ ఉంటుంది. తెల్లపొణికి కర్రను ఆరబెట్టి తేలిక చేస్తారు. అంబారీ ఏనుగుకి ఒళ్ళు వేరు, తొండం వేరు, మీద కూర్చునే రాజు వేరు. అన్నీ విడివిడిగా చెక్కి, రంపప్పొట్టులో చింతగింజల జిగురు కలిపిన మక్కుతో అతికి, సున్నం పూసి, ఆపైన రంగులు వేస్తారు. కొండల్లో ఆ చెట్టే కరువైపోతున్న రోజుల్లో ఆ పని ఇంకా సాగుతోందంటే కారణం ఏమిటి? కారు ఆపి, దశావతారాల సెట్టు బేరమాడి, ఫోటోలు తీసుకుని పోయే జనమే. నేను విసుక్కునే ఆ జనమే. మన లాకుల దగ్గర పడవ పైకి లేచే తమాషా ఎందుకు పోయింది? రోడ్లూ రైళ్ళూ సరుకు లాక్కుపోయాయి, నిజమే. కానీ ఒక్క పడవనైనా చూడ్డానికని నిలపమని అడిగేవాళ్ళు ఊళ్ళో లేకపోయారు. పెదనాన్న ఒక్కొక్కరికి చూపించి దాచుకున్న ఆ సంగతి ఆయనతోనే పోయింది.

కాబట్టి అబ్బాయికి ఫోన్ చేసి గుప్పిట విప్పేశాను. బాపు మ్యూజియం, లెనిన్ సెంటరు, ఘంటసాల, హంసలదీవి అన్నీ చెప్పాను. ఎవరికీ తెలియనివి అన్నా సరే, నాలుగు తర్వాతే తియ్యమన్నాను. అయితే మన దేవస్థానం వాళ్ళకి నాదొక మనవి ఉంది. ఈ ఊళ్ళో జనానికి అన్నిటికన్నా తక్కువ తెలిసినది జనం అందరికన్నా ఎక్కువ చేరే చోటే ఉంది. దసరాల్లో క్యూలైన్లలో గంటల తరబడి నిలబడే లక్షలమందికి చదువుకోవడానికి గోడల మీద విరాళాల రేట్లు తప్ప ఏమీ ఉండవు. క్యూ మలుపు తిరిగే చోట ఒక పెద్ద బోర్డు పెట్టండి. మీలాగే జాతరకొచ్చిన ఒక దేవుడి కథ ఇక్కడ వెయ్యేళ్ళ నాటి తెలుగు పద్యాల్లో ఉంది అని, పద్యాలూ వాటి కింద ఇప్పటి తెలుగులో అర్థమూ రాయండి. అన్ని పద్యాలూ పెట్టండి, రెండూ మూడూ మాత్రం వదిలేయండి. కొండ కింద లాడ్జీల వాళ్ళు ఒప్పుకోరు.