క్రొత్త తలవ్రాత

బాల్యమునందలి దారిద్ర్యము దేహముపై ఒక వ్రాతగా నిలిచిపోవునని ఇటీవలి జీవశాస్త్రము చెప్పుచున్నది. ఈ మాటలో సత్యము కొంత గలదు. దానిని వాడుచున్న తీరులో ప్రమాదము మెండుగా గలదు. ఆ రెంటిని వేరుపరచి చూపుటయే మా యుద్దేశము.

జన్యువుల యక్షరములు లేమివలన మారవు. వానిపై మిథైల్ అను చిన్న రసాయనపు గుర్తులు చేరుటచేతను, తొలగుటచేతను, ఏ జన్యువు పనిచేయవలెనో, ఏది మిన్నకుండవలెనో కొంతవరకు నిర్ణయమగును. ఈ విద్యకు ఎపిజెనెటిక్స్ అని పేరు. 1944-45 శీతకాలమున హాలెండు కరవులో తల్లి గర్భమున పడినవారిని అరువదేండ్ల పిమ్మట పరీక్షింపగా, ఎదుగుదలకు సంబంధించిన యొక జన్యువుపై ఆ గుర్తులు తోబుట్టువులకంటె తక్కువగా గానవచ్చెను. 1958లో బ్రిటనులో పుట్టిన కొందరు పురుషుల నెత్తుటిని 45వ యేట పరీక్షింపగా, అప్పటి స్థితిగతులతో కంటె చిన్ననాటి స్థితిగతులతోనే ఆ గుర్తులకు ఎక్కువ పొంతన కనబడెనని 2012లో ప్రకటించిరి.

అయితే ఈ రెండవ పరీక్షకు లోనైనవారు 40 మంది మాత్రమే. చూచినది నెత్తురే గాని మెదడు గాదు. పొంతన కనబడినంతనే కారణము దొరకినట్లు గాదు. ఇట్టి గుర్తులు మనుష్యులలో తరతరములకు సంక్రమించుననుట ఇంకను నిరూపితము గాలేదు. ఈ హద్దులను విడిచి వ్రాయువారు, నిన్నటివరకు “వారి కర్మము” అని తప్పించుకొన్నవారి చేతికి “వారి జన్యువులు” అను క్రొత్త సాకు నందించుచున్నారు. గర్భిణి సరిగా తినలేదని నిందించువారు ఆమె కూలి యెంతయని యడుగుట లేదు.

మా సికింద్రాబాదునకు ఇట్టి పాఠము క్రొత్త గాదు. 1897 ఆగస్టు 20న రోనాల్డు రాసు ఇచ్చటనే దోమ కడుపులో మలేరియా క్రిమిని గనుగొనెను. చెడుగాలియని, గ్రహచారమని జనులు తలచిన జ్వరము నాటినుండి నిలువనీటి సంగతి, అనగా మనుష్యులు చక్కబరుపదగిన సంగతి, ఆయెను.

లేమి విషయమునను అట్టి సాక్ష్యము ఈ చేరువనే యున్నది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థవారు 1987-90 నడుమ హైదరాబాదు సమీపమున 29 గ్రామములను పరిశీలించిరి. అందు 15 గ్రామములలో గర్భిణులకు, ఆరేండ్లలోపు పిల్లలకు మొక్కజొన్న, సోయా మిశ్రమముతో వండిన ఉప్మా దినదినమును లభించెను. ఆ పిల్లలు 13-18 ఏండ్లవారైన పిదప చూడగా, తక్కిన గ్రామముల పిల్లలకంటె సగటున 14 మిల్లీమీటర్లు పొడవుగా నుండిరి. వారి రక్తనాళముల బిరుసుదనము తక్కువ. మధుమేహమునకు దారితీయు లక్షణమును తక్కువ. గ్రామములను చీటీలు వేసి యెన్నుకొనలేదు గనుక ఈ ఫలితమును కొంత జాగ్రత్తతోనే గ్రహింపవలెను. వారు జన్యువులపై గుర్తులను గొలువలేదు. ఒక్క పూట కూడు చేయగలుగు మేలును గొలిచిరి.

దేహముపై వ్రాత యున్నదని చెప్పు రచయిత, ఆ వ్రాతకు కారణమైన కూలిని, అద్దెను, ఆకలిని గూడ చెప్పవలెను. చెప్పనిచో అతడు వ్రాయునది శాస్త్రము గాదు, పాత జాతకమే. పాఠకులు ఇట్టి వ్యాసమును చదివినప్పుడు, తమ వీథిలోని అంగన్వాడీలో నేడు పిల్లలకు ఏమి వడ్డించిరో పోయి చూతురుగాక యని మా ప్రార్థన.