జ్వాలాపురం బూడిద: పొర చెప్పేదెంత, మనం చెప్పించేదెంత

నంద్యాల జిల్లా జుర్రేరు లోయలో, జ్వాలాపురం దగ్గర తవ్విన చోట తెల్లటి బూడిద పొర కనిపిస్తుంది. కొన్నిచోట్ల దాని మందం రెండు మీటర్లు దాటుతుంది. (ఊరి పేరు చూసి ముచ్చటపడనక్కరలేదు, 74,000 ఏళ్లనాటి సంగతిని ఏ ఊరి పేరూ మోసుకురాదు.) అది సుమాత్రాలోని టోబా అగ్నిపర్వతపు బూడిద. అందులోని గాజురేణువుల రసాయనిక కూర్పు అక్కడి నిక్షేపాలతో సరిపోలుతుంది.

ఇంతవరకు పేచీ లేదు. ఆ పేలుడు తెచ్చిన చలికి మానవజాతి దాదాపు తుడిచిపెట్టుకుపోయిందని 1998లో స్టాన్లీ ఆంబ్రోస్ ప్రతిపాదించాడు. బూడిదకు కిందా పైనా ఒకే తరహా రాతి పనిముట్లున్నాయి కనుక ఇక్కడి మనుషులు బతికి బట్టకట్టారని 2007లో మైకేల్ పెట్రాగ్లియా బృందం 'సైన్స్' పత్రికలో వాదించింది.

రెండో వాదం ఆకర్షణీయమైనదే కాని, దాని బలం కాలనిర్ణయం మీద ఆధారపడింది. పొరకు కిందా పైనా ఉన్న మట్టి వయస్సును లెక్కగట్టిన పద్ధతిలో వేల ఏళ్ల తేడాకు చోటుంది. అగ్నిపర్వతం తెచ్చే చలి ఏళ్లలోనో, మహా అయితే దశాబ్దాల్లోనో ముగుస్తుంది. పాతవారు నశించి, వెయ్యేళ్ల తర్వాత అలాంటి పనిముట్లతోనే కొత్తవారు వచ్చినా ఆ మట్టిలో తేడా తెలియదు. పైగా అక్కడ మనిషి ఎముకలు దొరకలేదు. ఆ పనిముట్లు ఏ మానవజాతివో కూడా ఊహే. అలాగని ప్రళయవాదం నెగ్గినట్టూ కాదు. ఆఫ్రికాలోని మలావీ సరస్సు అడుగున టోబా గాజురేణువులు దొరికాయి గాని, అదే చోట చెప్పుకోదగ్గ చలి జాడ కనబడలేదని 2013లో తేలింది.

ఈ తగవులో మరుగున పడినది ఆ రెండు మీటర్ల సంగతి. ఆకాశం నుంచి నేరుగా రాలినది అడుగున ఉన్న కొద్ది సెంటీమీటర్లే. మిగతాదంతా చుట్టుపక్కల వాలుల నుంచి వాననీరు కడిగి తెచ్చి పల్లంలో పేర్చింది. మొత్తం మందాన్ని రాలిన బూడిదగా లెక్కగట్టే జనరంజక రచనలు విపత్తును ఎన్నో రెట్లు పెంచి చూపుతాయి. కడిగి వచ్చినదని పక్కన పెట్టేవారు అసలు ప్రమాదాన్నే వదిలేస్తారు. 1991లో ఫిలిప్పీన్స్‌లో పినతూబో పేలిన తర్వాత, కొండ శాంతించినా, వానలు పడ్డప్పుడల్లా బూడిద బురదై ఏళ్ల తరబడి ఊళ్లను ముంచింది. జుర్రేరు లోయలోని మందపు పొర అలాంటి వానాకాలాల దస్తావేజు. బూడిద ఎన్నేళ్లు వాగుల్లోకి దిగుతూనే ఉంది, తాగునీటి గుంటలు ఎప్పుడు తేరుకున్నాయి అన్న ప్రశ్నలను అడగవలసింది ఆ పొరనే.