పంతులు ఎవరికి పరాయి?

మారుమూల బడికి వెళ్ళే పంతులు మన కథలలో ఒకడున్నాడు. బస్సు దిగి, నెత్తిన పెట్టె పెట్టుకొని వాగు దాటుతాడు. మొదటి వారం దోమలు, రెండవ వారం చలిజ్వరం, మూడవ నెలలో బదిలీకి దరఖాస్తు. చివరకు ఒక గోండు పిల్లవాడు దొన్నెలో తేనె తెచ్చి ఇస్తాడు. పంతులు దరఖాస్తు చించివేస్తాడు. ఈ కథను నేను ఎన్నో రూపాలలో చదివాను. ఒకటి రెండుసార్లు కళ్ళు తుడుచుకొన్నాను కూడా. కష్టజీవి అయిన ఉపాధ్యాయుని పట్ల సానుభూతి ఉన్నది గనుక అది అభ్యుదయ కథ అని మనవాళ్ళు ముద్ర వేస్తారు. ఆ ముద్ర మీదనే నాకు అభ్యంతరం.

ఆ పిల్లవాడు తేనె ఇచ్చేటప్పుడు ఏ భాషలో మాట్లాడాడు? రచయిత చెప్పడు. ఈ కథలలో గోండు పిల్లలు వాచకాల తెలుగు మాట్లాడతారు. లేకపోతే అసలు మాట్లాడరు, పెద్ద పెద్ద కళ్ళతో చూస్తూ నిలబడతారు. పరాయి చోట చిక్కుకొన్నవాడు పంతులు ఒక్కడే అని రచయిత నమ్మకం. తన గూడెంలోనే, తన ఇంటికి వంద గజాల దూరంలో కట్టిన బడిలో ఆ పిల్లవాడు పరాయివాడైనాడన్న సంగతి కథలోకి రానే రాదు.

నేను ఈ మాట గట్టు మీద నిలబడి అనడం లేదు. చాలా ఏళ్ళ క్రితం కరీంనగర్ నుండి ఉట్నూరు పక్క గూడేనికి మొదటి ఉద్యోగం మీద వెళ్ళినవాణ్ణి. ఒకనాడు ఒక చిన్నపిల్లకు ముంతలో నీళ్ళు చూపి, ఇదేమిటి అని అడిగాను. ‘ఏర్’ అన్నది. ఏరు కాదమ్మా, నీళ్ళు, అని దిద్దాను. మళ్ళీ అడిగితే మళ్ళీ ‘ఏర్’ అన్నది. మూడవసారి ఆ పిల్ల నోరు విప్పలేదు. గోండీలో నీటిని ఏర్ అంటారని పక్క ఊరి గోండు ఉపాధ్యాయుడు చెప్పేదాకా నాకు తెలియదు. మన ఏరుకు చుట్టమైన మాటే అది. సరి అయిన జవాబును రెండుసార్లు తప్పని చెప్పి, మూడవసారికి నోరు మూయించాను. నా దగ్గర ప్రభుత్వం ఇచ్చిన పట్టా ఉన్నది, నియామకపు కాగితం ఉన్నది. ఆ పిల్ల భాష నాకు వచ్చునా అని దారిలో ఎవరూ అడగలేదు. ఉపాధ్యాయ అర్హత పరీక్షలో నేడు మొదటి భాషగా తెలుగు, ఉర్దూ, హిందీ, మరాఠీ, కన్నడం, తమిళం తీసుకోవచ్చు. గోండీ లేదు.

ఇదే పంతులు సముద్రం దాటితే సంగతి వేరు. అమెరికాలో పాఠం చెప్పబోయే తెలుగువాని డిగ్రీని అక్కడి డిగ్రీతో తూస్తారు, ఆ రాష్ట్రపు లైసెన్సు అడుగుతారు, ఉచ్చారణ చెవి పెట్టి వింటారు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుమని అక్కడి అధ్యక్షుడు ప్రకటించాడు. ఏ బడి తన పంతులు కోసం అంత కడుతుంది? బలవంతుల భాష గుమ్మంలో నిలబెట్టి ప్రశ్నిస్తుంది. గోండీకి అలా ప్రశ్నించే అధికారమే లేదు.

అయితే ఆ ప్రశ్నలన్నీ పిల్లల మేలు కోసమే అనుకోనక్కరలేదు. మలయా చరిత్ర చూడండి. మన కూలీలు రబ్బరు తోటలకు వలసపోయిన ఆ దేశానికే చైనా నుండి కూలీలూ పోయారు, వారి పిల్లలకు చదువు చెప్పే పంతుళ్ళూ పోయారు. 1919లో చైనా విద్యార్థులు లేవదీసిన సామ్రాజ్యవాద వ్యతిరేకోద్యమం గాలి ఈ బడులకు సోకగానే, మరుసటి ఏడే బ్రిటిషు ప్రభుత్వం సింగపూరు, పెనాంగు ప్రాంతాలలో బడులూ ఉపాధ్యాయులూ రిజిస్టరు కావాలని చట్టం చేసింది. దొరలు పోయాక కూడా ఆ కత్తి ఒరలోకి పోలేదు. లిమ్ లియన్ గియోక్ 1901లో చైనాలోని ఫుజియన్‌లో పుట్టి, కౌలాలంపూరులో బడిపంతులై, చైనీసు బడుల ఉపాధ్యాయ సంఘాల సమాఖ్యకు నాయకుడైనాడు. మలయానే మన దేశమనుకొని పౌరసత్వం తీసుకోండని తనవారికి చెప్పినవాడు. చైనీసు బోధనను కుదించే విద్యావిధానాన్ని ఎదిరించినందుకు 1961లో ఆయన ఉపాధ్యాయ రిజిస్ట్రేషను రద్దయింది. కోర్టులలో పోరాడి ఓడి 1964లో పౌరసత్వమూ పోగొట్టుకొన్నాడు. అది తిరిగి రాకుండానే 1985లో చనిపోయాడు. వలసపాలనలో అణగిన మలయ్ భాషకు పెద్దపీట కావాలన్న కోరిక అన్యాయమని నేననను. కాని ఈ లెక్క చూడండి: పిల్లల భాష వచ్చిన పంతులును అక్కడి ప్రభుత్వం బడి నుండి వెళ్ళగొట్టింది, పిల్లల భాష రాని నాకు ఇక్కడి ప్రభుత్వం నెలనెలా జీతమిచ్చింది.

ఇంకో దారి లేకపోలేదు. అది ఆదిలాబాదులోనే పడింది. వేసినవాడు మాత్రం విదేశీయుడు. వియన్నాలో పుట్టిన మానవశాస్త్రజ్ఞుడు హైమండార్ఫ్ జర్మను పాస్‌పోర్టుతో భారతదేశంలో ఉండగా 1939లో యుద్ధం వచ్చింది. శత్రుదేశీయుడని హైదరాబాదు రాజ్యం దాటకుండా ఆయనను కట్టడి చేశారు. 1940లో జోడెఘాట్‌లో కొమురం భీము తూటాలకు బలి అయిన తర్వాత గోండుల స్థితి విచారించే పని ఆయన మీద పడింది. 1943లో మార్లవాయిలో (ఇప్పుడది ఆసిఫాబాదు జిల్లా) గోండు యువకులను ఉపాధ్యాయులుగా తయారుచేసే కేంద్రం పెట్టాడు. నాగరి లిపిలో గోండీ వాచకాలు అచ్చు వేయించాడు. మైదానపు పంతుళ్ళకు అడవి మీద ప్రేమ పుట్టించడం కాదు, గోండులలోనే అక్షరం వచ్చిన కొద్దిమందిని పంతుళ్ళను చేయడం ఆ పథకంలోని సారం.

ఈ పనికి హారతులు పట్టే వ్యాసాలు చాలా వచ్చాయి. నేను హారతి పట్టను. భీము నెత్తురు పారిన తర్వాతే నిజాం సర్కారుకు గోండు పిల్లల చదువు గుర్తుకు వచ్చింది; తుపాకి చేసిన గాయానికి పలకతో పట్టీ వేయడం కూడా అందులో ఉన్నది. అయినా, గోండు పిల్లవాడు పాఠం చెప్పేవాని నోట తన అమ్మ మాట విన్న బడి అది. అదే కాలంలో మా కరీంనగర్ పిల్లలు ఉన్నత పాఠశాల గడప తొక్కాలంటే ఉర్దూలో చదవవలసి వచ్చేది. 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగిన నాటినుండి తెలుగులో చదువు కావాలని మనం అడిగాము, న్యాయంగానే అడిగాము. తీరా తెలుగు రాజ్యమేలిన తర్వాత మార్లవాయి గోండీ వాచకాలు మూలపడ్డాయి. ఉర్దూ కూర్చున్న కుర్చీలో మనం కూర్చున్నాము. 2004 ప్రాంతంలో తెలుగు లిపిలో గోండీ వాచకాలు మళ్ళీ తెచ్చారు. 2006లో ఆ జిల్లాలోనే గుంజాలలో గోండీ సొంత లిపి రాతప్రతులు పండితుల కంటబడ్డాయి. పక్క ఊళ్ళోనే లిపి పెట్టుకొని, మొదట నాగరి, తర్వాత తెలుగు అరువిచ్చిన ఘనత మనది!

2000 జనవరిలో ప్రభుత్వం ఏజెన్సీ బడులలో ఉపాధ్యాయ ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే అని ఉత్తర్వు ఇచ్చింది. నూటికి నూరు రిజర్వేషను చెల్లదని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. అప్పటికి చేరినవారిని మాత్రం షరతుల మీద ఉండనిచ్చింది. ఆ తీర్పు అడవికి చేసిన నష్టం గురించి మన పత్రికలు రాశాయి, రాయవలసిందే. కాని ఉత్తర్వులోని లోటును ఎవరూ పట్టించుకోలేదు. అది తెగను చూసింది, 1950 నుండి నివాసాన్ని చూసింది, భాషను చూడలేదు. గోండు, కోలాము, లంబాడీ పిల్లల ఇళ్ళలో మూడు వేరు వేరు భాషలు. ఉత్తర్వుకు అందరూ స్థానిక గిరిజనులే. కోలాము గూడెంలో లంబాడీ పంతులు నాకంటే ఎంత దగ్గరివాడు? కొంత దగ్గర, ఒప్పుకొంటాను. పూర్తిగా కాదు.

నాకు ‘ఏర్’ అర్థం చెప్పిన గోండు ఉపాధ్యాయుడు తెలుగు బడిలోనే చదివినవాడు. చిన్నప్పుడు ఇలాంటి మాటకే చింతబరికె దెబ్బ తిన్నానని నవ్వుతూ చెప్పాడు. తనిఖీ అధికారి వచ్చిన రోజున తెలుగులో పాఠం చెప్పేవాడు. ఆయన జీపు వాగు దాటగానే అదే పాఠం గోండీలో మళ్ళీ మొదలుపెట్టేవాడు. మన కథలలో ఆయన ఇంతవరకు నాకు కనబడలేదు.