జెముడు మట్ట మీద పత్తి పీచు

కోయంబత్తూరు, మదురై పక్క నల్లరేగడిలో పత్తి పండించే తెలుగు ఊళ్ళకు వెళ్తే, చేని గట్టున నాగజెముడు మట్టలకు అంటుకున్న తెల్లటి పోగులు కనిపిస్తాయి. పత్తి పీచు ఎగిరొచ్చి చిక్కుకుందనుకుంటాం. పుల్లతో గీకితే మాత్రం చిక్కటి ఎరుపు కారుతుంది. ఆ తెలుపు, ఒక చిన్న పురుగు తన ఒంటి నుంచి ఊరించి కప్పుకున్న మైనం.

ఆడపురుగుకు రెక్కలుండవు. నడక పిల్లప్రాయంలోనే. ఆ వయసులో ఒంటి మీద పొడవాటి మైనపు పోగులుంటాయి. గాలి వాటిని పట్టుకుని పిల్లను పక్క పొదకు చేరుస్తుంది. అక్కడ ముళ్ళు మొలిచే బుడిపె పక్కన చోటు చూసుకుని, దారమంత ముక్కును మట్టలోకి దించుతుంది. ఇక కదలదు. మగదానికి రెండు రెక్కలుంటాయి, నోరుండదు. ఒంట్లోని ఎరుపు కార్మినిక్ ఆమ్లం, చీమలకది గిట్టదు. ఒక్క పురుగు తాగేది ఏపాటి? వందలు చేరితే మట్ట పసుపెక్కి, ఎండి, రాలిపోతుంది.

ఈ జాతి పురుగును ఇక్కడికి రప్పించింది ఆ ఎరుపు రంగు మీద ఆశే. మద్రాసు వైద్యుడు జేమ్స్ ఆండర్సన్ సైదాపేటలో జెముడు తోట వేయించి ఎదురుచూశాడు. 1795లో కెప్టెన్ నీల్సన్ బ్రెజిల్ నుంచి పురుగులు తెచ్చాడు. అవి మేలిరకం కావు, రంగు నాసి. కానీ ముళ్ళు తక్కువున్న జెముడును ఊడ్చేశాయి. అది చూసి 1836–38లో దక్షిణాదిన కావాలనే వదిలారు. ముళ్ళు దట్టమైన రకాన్ని మాత్రం అవి ముట్టలేదు. అది పొలాలను మింగుతూ పోయింది.

1926లో సింహళం నుంచి మరో పురుగు వచ్చింది. మామూలు కంటికి రెండూ ఒకటే. ఇది మాత్రం ముందుది వదిలేసిన మొక్కనే పట్టింది! అయిదారేళ్ళలో దక్షిణాదిన దాదాపు 40,000 హెక్టార్లు తెరిపినపడ్డాయి. ఏ తాళానికి ఆ చెవి అన్నట్టు, ఏ మొక్కకు ఏ ముక్కో అంత కచ్చితంగా కుదిరి ఉండటం నన్ను ఇప్పటికీ ఆగి చూసేలా చేస్తుంది.

ఆస్ట్రేలియాలో జెముడును ఊడ్చే ఈ పని ప్రధానంగా చేసింది 1925లో అర్జెంటీనా నుంచి తెచ్చిన క్యాక్టోబ్లాస్టిస్ చిమ్మెట. అది గుడ్లను ఒకదానిపై ఒకటి పేర్చి ముల్లులాంటి పుల్ల కడుతుంది. పిల్లలన్నీ ఒకే కన్నం తొలిచి లోపలికి దూరి, మట్టను డొల్ల చేస్తాయి. అక్కడి బూనార్గా ఊరివాళ్ళు 1936లో దాని పేర సభాభవనమే కట్టుకున్నారు. అదే చిమ్మెటను 1957లో కరీబియన్ దీవి నెవిస్‌లో వదిలారు. 1989 నాటికి ఫ్లోరిడాలో తేలి, అక్కడి సొంత జెముళ్ళను తినసాగింది. 1926లో వచ్చి మన గట్లను కాపాడిన పురుగూ 2014లో మొరాకోలో బయటపడింది. అక్కడ జెముడంటే పండు, పశువుల మేత, ఇంటి కంచె. పురుగు కొత్తగా నేర్చిందేమీ లేదు: అదే బుడిపె పక్కన, అదే ముక్కు దించింది.