కాలికి తగిలే తప్పు

సంకీర్ణ ప్రభుత్వాన్ని వెక్కిరించాలన్నా, కథ కుదరని సినిమాను ఉతికి ఆరెయ్యాలన్నా మన పత్రికలకు తేరగా దొరికే మాట ‘అతుకుల బొంత’. ఆ మాట రాసేవాళ్లలో బొంత కుట్టినవాళ్లు ఎందరో నాకు అనుమానమే. నేనూ నిరుడు చలికాలం దాకా కుట్టలేదు. పాత చీరలు రెండు ముందేసుకుని కూర్చున్నాక తెలిసింది, అతుకు నిలబడేలా వెయ్యడం ఎంత పనో.

లెక్క చూస్తే సులువే. 5.5 మీటర్ల నూలు చీరను మూడు మడతలు వేస్తే ఒక మనిషి పడుకునే పొడవు వస్తుంది. రెండు చీరలైతే ఆరు పొరలు. గట్టిగా ఉన్న గుడ్డ పైనా అడుగునా, చిరుగులు పడ్డది లోపల. గంజి పోయేదాకా ముందే ఉతకాలి, రంగు దిగే చీరను విడిగా నానబెట్టాలి. తర్వాత నేల మీద బిగువుగా పరిచి, మూలల మీద బరువులు పెట్టి (మా ఇంట్లో రోకలి, రెండు బియ్యం డబ్బాలు, రుబ్బురోలు పొత్రం), జానెడు జానెడు దూరంలో కచ్చా కుట్లు వేసుకోవాలి. అసలు కుట్టు ఆ తర్వాతే మొదలు. నడుమ నుంచి అంచుల వైపు కుట్టుకుంటూ పోతే, ముడత ఉన్నా ముందుకు జరిగి చివరికి బయటపడుతుంది.

కచ్చా కుట్లు ఎందుకులే, ఎలాగూ తీసి పారేసేవే కదా అని నేను మానేశాను. ఆరు వరుసలు అయ్యాక తిప్పి చూస్తే అడుగు పొర జారిపోయి, నడుమ బెత్తెడు ముడత కుట్టులో ఇరుక్కుని ఉంది. అప్పటికే ఒక వరుస పాములా పోయింది. కుట్లు ఒకచోట బియ్యపుగింజంత, ఇంకోచోట చింతగింజంత. మొత్తం విప్పేద్దామని బ్లేడు తీశాను.

పెద్దమ్మ నా చేతిలోంచి బ్లేడు లాక్కుంది. బొంతను చూడలేదు, దాని మీద నడిచింది. చెప్పులు విడిచి, ఒక చివర నుంచి ఇంకో చివర దాకా అరికాలితో తడుముతూ. ముడత దగ్గర ఆగి, “ఇది విప్పు. పడుకుంటే వీపుకి గుచ్చుకుంటది” అంది. వంకర వరుస మీద నుంచి మాత్రం ఏమీ లేనట్టే దాటిపోయింది. “మరి ఇదో?” అంటే, “అది కాలికి తగల్లేదుగా!” అంది.

కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇంతకన్నా పనికొచ్చే కొలత నాకు ఇంకెక్కడా దొరకలేదు. బొంత గోడకు తగిలించేది కాదు, ఒంటి కింద పరుచుకునేది. నడుమ ముడత ఒంటికి తగులుతుంది కాబట్టి తియ్యాల్సిందే. చుట్టూ కుట్లు ఉన్నప్పుడు దాన్ని అరచేత్తో నొక్కితే పోదు. దగ్గరి అంచు దాకా అడ్డొచ్చిన వరుసలన్నీ విప్పి, అదనపు గుడ్డను అంచుకు తోసి మళ్లీ కుట్టాలి. విప్పేటప్పుడు దారాన్ని ఒక్కసారిగా లాగితే పాత గుడ్డ చిరుగుతుంది. నాలుగైదు కుట్లకు ఒకచోట కోసుకుంటూ పోవాలి. మరీ పొడుగు కుట్లు మట్టెలకూ కాలిగోళ్లకూ తగులుకుంటాయి. వాటిని విప్పే పని లేదు, పక్కనే ఇంకో వరుస నడిపిస్తే చాలు. దారం బిగిసి గుడ్డ కుచ్చిళ్లు పడితే, ముడి వెయ్యకముందే రెండు చేతులతో సాగదీసి సర్దుకోవాలి. ముడి పైన కనబడితే చిన్న కుదుపుతో లాగితే పొరల మధ్యలోకి దూరుతుంది. సూది గుచ్చుకుని నెత్తురు అంటితే వెంటనే చన్నీళ్లతో కడగాలి, వేణ్నీళ్లు పోస్తే మరక ఉండిపోతుంది. వంకర గీత, చిన్నా పెద్దా కుట్లు, సగంలో రంగు మారిన దారం మాత్రం కంటికే తప్పులు. ఒకసారి ఉతికి ఆరేస్తే దారం గుడ్డలోకి సర్దుకుని వాటిలో చాలావరకు మరుగున పడిపోతాయి.

నడుమ నుంచే మొదలుపెట్టాలన్న నియమం అన్నిచోట్లా లేదు. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లాలో ఉండే, ఆఫ్రికా మూలాలున్న సిద్దీల ఆడవాళ్లు దీనికి సరిగ్గా ఎదురు దారిలో పోతారు. ‘కవంది’ అనే వాళ్ల బొంత ఒక మూలన మొదలై, అంచుల వెంట చుట్టూ తిరుగుతూ నడుమకు వచ్చి ఆగుతుంది. గుడ్డముక్కలన్నీ ముందే కోసి పెట్టుకోరు, కుట్టు నడిచే కొద్దీ చేరుస్తారు. నా కంటికి ఇందులో గొప్ప సౌలభ్యం కనబడింది. ఈ ముక్క పక్కకు పోతే తర్వాతి ముక్క దాన్ని సర్దేస్తుంది. గీత గీసుకుంటేనే కదా, గీత తప్పడం! అలా అని వాళ్లకు పట్టింపులు లేవనుకోవద్దు. నాలుగు మూలలా మడిచి కుట్టిన ‘పూలు’ లేకపోతే కవందిని బట్టలు కట్టని మనిషితో పోలుస్తారు. ఏ తప్పు తప్పో, ఏది కాదో వాళ్లకు వాళ్ల కొలత ఉంది.

అమెరికాలో ఆమిష్ అనే క్రైస్తవ వర్గపు స్త్రీలు, లోపం లేనివాడు దేవుడొక్కడేనని, ప్రతి క్విల్టులోనూ కావాలని ఒక తప్పు వదులుతారని ఒక కథ చలామణిలో ఉంది. చరిత్ర తవ్వినవాళ్లకు గట్టి ఆధారం దొరకలేదు. కావాలని ఒక తప్పు చెయ్యాల్సి వచ్చే అదృష్టం నాకైతే ఇంకా పట్టలేదు.

అదే దేశంలో, అలబామా నది వంపులో ఉన్న గీస్ బెండ్ నల్లజాతి స్త్రీలు చిరిగిన పని బట్టలతో కుట్టిన క్విల్టులను 2002లో న్యూయార్క్ విట్నీ మ్యూజియం ప్రదర్శించింది. 2006లో అవి తపాలా బిళ్లల మీదికీ ఎక్కాయి. వాటిలోని వంకర గీతలను విమర్శకులు ఆధునిక చిత్రకళతో పోల్చి మెచ్చుకున్నారు. నాలాంటివాళ్లు దాన్ని సాకుగా వాడుకోకూడదు. ఏ ముక్క పక్కన ఏది నప్పుతుందో ఏళ్ల తరబడి చూసిన కళ్లు తేల్చిన వంకర వాళ్లది. నాది చెయ్యి తిరగని వంకర.

ముడత తియ్యడానికి నాకు రెండు మధ్యాహ్నాలు పట్టింది. ఈసారి దారం మూరెడే తీసుకున్నాను, బారెడు తీస్తే చిక్కుపడుతోంది. మైనం రాశాక ఆరు పొరల్లోంచి సులువుగా జారింది. నాలుగో రోజుకు నా కుట్లు సమానం అయ్యాయని చెప్పను గానీ, ఒక దారిన పడ్డాయి.

అంచు కుట్టడం ఎలాగో చూద్దామని పెద్దమ్మ పాత బొంత అటక మీద నుంచి దించాం. ముప్ఫై ఏళ్ల నాటిది, పై గుడ్డ పల్చబడి లోపలి చీర అంచు కనబడుతోంది. వరుసలన్నీ దువ్వెన పళ్లలా ఉన్నాయి, ఒక మూల తప్ప. అక్కడ నాలుగు వరుసలు ఒకదాని మీదికొకటి ఎక్కి, చివరికి కలిసిపోయాయి. వేలు పెట్టి చూపించాను.

పెద్దమ్మ కళ్లద్దాలు పైకి జరుపుకుని చూసింది.

“అదా? ఆ రాత్రి కరెంటు పోయిందే!”