రెడ్ ఆక్సైడ్ పడకముందే

యాప్రాల్‌లో ఇళ్లు లేస్తున్నంత కాలం వెల్డింగ్ షాపులకు పని కొదవ ఉండదు. గేట్లు, గ్రిల్లులు, మేడ మీద రేకుల షెడ్లు, ట్యాంకు స్టాండ్లు. సాయంత్రానికి వెల్డింగ్ అయిపోతుంది, తెల్లారేసరికి రెడ్ ఆక్సైడ్ రంగు పడిపోతుంది. అతుకు ఎలా పడిందో చూసేది అది వేసినవాడొక్కడే.

దగ్గర్లోనే అమ్ముగూడ స్టేషను. అక్కడి రైలు పట్టాల లెక్క వేరు. థర్మిట్ వెల్డింగ్‌లో ఐరన్ ఆక్సైడ్, అల్యూమినియం పొడి రగిలి, సుమారు 2,500 డిగ్రీల వేడిలో ఉక్కు కరిగి పట్టాల మధ్య అచ్చులోకి దిగుతుంది. జర్మనీకి చెందిన హాన్స్ గోల్డ్‌ష్మిట్ 1895లో పేటెంట్ తీసుకున్న పద్ధతి ఇది. పోత నిమిషాల్లో ముగుస్తుంది. తనిఖీ మాత్రం ఆ అతుకు ఉన్నంతకాలం సాగుతూనే ఉంటుంది. వేసిన వెల్డర్ కోడ్, నెల, సంవత్సరం నమోదవుతాయి. మీటరు స్కేలు పెట్టి ఎత్తుపల్లాలు చూస్తారు. తర్వాత అల్ట్రాసోనిక్ పరీక్ష. శిక్షణ పొంది సర్టిఫికెట్ ఉన్న మనిషి ప్రోబును పట్టా మీద జరుపుతూ తెర వంక చూస్తాడు. లోపలి పగులుకో గాలి బుడగకో తరంగం తగిలితే తెర మీద గీత లేస్తుంది. పైకి నున్నగా మెరిసే అతుకు కూడా అక్కడ దొరికిపోతుంది.

యంత్రం సంగతి అలా ఉంచండి. వేసే చేయి ఒకరిది, చూసే కన్ను మరొకరిది, అదీ నాకు నచ్చింది. సర్టిఫికెట్‌ను ఉత్త కాగితమని పెదవి విరిచేవాళ్లున్నారు. నేనొప్పుకోను. ‘ఇది పనికిరాదు, కోసేసి మళ్లీ వేయండి’ అనే అధికారం ఆ కాగితంతోనే వస్తుంది. (జీతమిచ్చేది కాంట్రాక్టరే అయితే ఆ గొంతు కాస్త తగ్గుతుంది, అది వేరే గొడవ.) అసలు మంచి ఇన్‌స్పెక్టరు వెల్డింగ్ మొదలవకముందే వస్తాడు. రాడ్లకు చెమ్మ పట్టిందా, ఇనుము మీది తుప్పు గీకారా, వెల్డరు ఆ పనికి పరీక్ష పాసయ్యాడా అని అడుగుతాడు.

మన గేటుకు అల్ట్రాసోనిక్ అక్కర్లేదు. కళ్లు చాలు. అతుకు మీది స్లాగ్ పెంకు కొట్టించి చూడండి: సూది బెజ్జాలున్నాయా, అంచు వెంట గాడి పడిందా, నిండుగా వేస్తామన్నచోట చుక్కల అతుకులతో (ట్యాకింగ్) సరిపెట్టారా? ట్యాంకు స్టాండు మాత్రం ఇంజనీరుకు చూపించండి. వెయ్యి లీటర్ల నీళ్లంటే టన్ను బరువు. ఈ చూడటమంతా రంగు డబ్బా మూత తీయకముందే అయిపోవాలి.