బతికించి అప్పగించడం: ఎలెన్ లా మోట్ రచనలో యుద్ధనర్సు నైతిక సంకటం

మొదటి ప్రపంచయుద్ధంలో పనిచేసిన నర్సుల రచనలను సేవ, త్యాగం, కారుణ్యం అనే మూడు మాటల చట్రంలో చదవడం మనకు అలవాటు. ఎలెన్ లా మోట్ రాసిన 'ది బ్యాక్‌వాష్ ఆఫ్ వార్' (1916) ఈ చట్రంలో ఇమడదు. అమెరికా దేశస్థురాలైన ఈమె బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్‌లో నర్సింగ్ శిక్షణ పొంది, క్షయరోగుల సంరక్షణలో అనుభవం గడించింది. 1915లో బెల్జియంలో, యుద్ధరేఖకు పది కిలోమీటర్ల వెనుక ఉన్న ఫ్రెంచి సైనిక వైద్యశాలలో చేరింది. అల వెనుదిరిగాక మిగిలే మురికిని స్ఫురింపజేసే శీర్షికను ఆ చోటే ఇచ్చింది.

తొలి కథనం 'హీరోస్'. ఒక సైనికుడు రివాల్వర్ నోట్లో పెట్టుకొని కాల్చుకుంటాడు. ఒక కన్ను పోతుంది గాని ప్రాణం పోదు. సైనిక విచారణ జరిపి గోడకు నిలబెట్టి కాల్చాలంటే ముందు అతడు కోలుకోవాలి. కోలుకునేలా చూడవలసింది నర్సు. ఆ వార్డులో తక్కిన క్షతగాత్రులకు కట్టే కట్లే అతనికీ కట్టాలి. ఆ రాత్రి ఆమెకు కలిగే సందేహం ఒక్క నేరస్థుడి దగ్గర ఆగదు. మిగిలిన మంచాల మీదివారూ నయమైతే తిరిగి కందకాలకే వెళ్లాలి కదా! ఈ పుస్తకాన్ని యుద్ధవ్యతిరేక రచన అనడంలో తప్పులేదు. కాని ఆ మాటతో సరిపెడితే, నర్సు తన వృత్తినైపుణ్యాన్నే శంకించే ఈ ఘట్టం మరుగున పడుతుంది.

కథనశైలికీ ఈ సందేహానికీ సంబంధముంది. 'నేను' దాదాపు కనిపించదు. నర్సు కూడా ప్రథమపురుషలోనే కదులుతుంది. వాక్యాలు రోగి నమోదు పత్రంలోలాగా పొట్టిగా, పొడిగా సాగుతాయి. 'ఎ సర్జికల్ ట్రయంఫ్'లో కాళ్లూ చేతులూ పోయిన కొడుకు తనను చంపమని తండ్రిని వేడుకుంటాడు. రచయిత్రి ఎక్కడా వ్యాఖ్యానించదు. శీర్షికలో వైద్యుల భాషను ఉన్నదున్నట్లు పెట్టి ఊరుకుంటుంది.

ఆ వైద్యశాలను నెలకొల్పిన మేరీ బోర్డెన్ 'ది ఫర్‌బిడెన్ జోన్' (1929)లో ఇదే సమస్యను తాకింది. చిరిగిన బట్టలకు కుట్లు వేసి మళ్లీ వాడుకకు పంపినట్లు మనుషులను పంపుతున్నామంటుంది. ఉపమానం గొప్పదే. అయినా బోర్డెన్ గద్యంలోని లయ ఆ భీభత్సాన్ని కొంత మెత్తబరుస్తుందని నా అభిప్రాయం. లా మోట్ ఆ వెసులుబాటు ఇవ్వదు. అమెరికా యుద్ధంలోకి దిగిన తర్వాత, 1918లో ఆమె పుస్తకం అణచివేతకు గురై, 1934లో గాని పునర్ముద్రణ పొందలేదంటే ఆశ్చర్యం లేదు.

అయితే ఈ నిర్లిప్తత అన్నిచోట్లా సమానంగా ఫలించలేదు. 'ఎ బెల్జియన్ సివిలియన్'లో గాయపడిన పదేళ్ల బాలుడు సైనికుల మంచాన్ని ఆక్రమించాడని సిబ్బంది విసుక్కుంటారు. పక్కన కూర్చున్న తల్లికి తన పానశాలకు తిరిగి వెళ్లాలన్న తొందర. సిబ్బంది కాఠిన్యాన్ని పట్టుకున్న వ్యంగ్యం తల్లి మీదికీ మళ్లుతుంది. ఇంటి దగ్గర మిగతా పిల్లలూ, యుద్ధం మధ్య నడుపుకోవలసిన జీవనోపాధీ ఆమెకున్నాయి. ఆ వివరాలు కథనంలో ఉన్నా వాటి బరువు పాఠకుడికి అందదు. ఆ విసుగు వార్డుదా, రచయిత్రిదా అన్నది అక్కడ తేలదు.